ఆగని తెర

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. దాని పేరు 'సైట్'. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలను అందించారు. ఎంపికైన జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న తెలకపల్లి అప్పుడు ఆ జిల్లాలోనిదే.

ఎంపికైన ఊళ్ళో ఊరందరికీ కలిపి ఒక టెలివిజన్ పెట్టారు. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. సమయం కాగానే అవి ఆగిపోయేవి. ఎంత ఇష్టమున్నా లేచి ఇంటికి పోవలసిందే! 1976 జూలై 31తో ఆ ప్రయోగం ముగిసింది.

ఇప్పుడు తెలకపల్లిలో ఒక ఇంటిని ఊహించండి. రాత్రి ఎనిమిది గంటలు. తాత వాట్సాప్ చూస్తున్నాడు. అమ్మ వంటల వీడియోలు చూస్తోంది. అన్న ఆటలో, చెల్లెలు రీల్స్‌లో మునిగి ఉన్నారు. "ఈ కాలం పిల్లలకు ఫోను పిచ్చి పట్టింది" అంటాడు తాత, తల ఎత్తకుండానే!

వయసులు వేరు, చూసేవి వేరు. అయినా అందరినీ ఒకే వస్తువు ఎలా పట్టి ఉంచుతోంది?

పావురాలు నేర్పిన పాఠం

అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. పావురం ఒక మీటను ముక్కుతో పొడిస్తే గింజలు వస్తాయి. ప్రతిసారీ ఇన్ని పొడుపులకు గింజలు అని లెక్క పెడితే, పావురం తిన్న తరువాత కొంతసేపు ఆగేది. ఎన్ని పొడుపులకు వస్తాయో తెలియకుండా చేస్తే? ఆగకుండా పొడుస్తూనే ఉండేది! 'ఈసారి వస్తాయేమో' అన్న ఎదురుచూపే దాన్ని కదలనివ్వలేదు. స్కిన్నర్, ఫెర్‌స్టర్ ఈ ఫలితాలను 1957లో గ్రంథంగా ప్రకటించారు.

మన వేలు కూడా తెరపై ఇదే పని చేస్తుంది. పది వీడియోలు విసుగు పుట్టిస్తాయి. పదకొండవది నవ్విస్తుంది. అది ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక వేలు జరుపుతూనే ఉంటాం. తాతకు అది మిత్రుని సందేశం కావచ్చు, అన్నకు ఆటలో గెలుపు కావచ్చు. ఎర మారుతుంది, సూత్రం మారదు.

దీనికి తోడు, ఒక వీడియో అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలవుతుంది. ఆనాటి టెలివిజన్ మనకోసం ఆగింది. నేటి ఫోను ఆగదు. ఆపవలసిన పని మన మీద పడింది.

ఏది జబ్బు? ఏది కాదు?

ఎక్కువసేపు చూసినంత మాత్రాన జబ్బు అనలేము. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో 'గేమింగ్ రుగ్మత' ఉంది. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం దీని లక్షణాలు. సాధారణంగా ఏడాదిపాటు ఇలా ఉంటేనే వైద్యులు నిర్ధారిస్తారు. కాని నిద్ర చెడడానికీ, చదువు వెనుకబడడానికీ ఏడాది అక్కరలేదు కదా!

చేసి చూడండి

ఒక నోటుపుస్తకంలో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పుట కేటాయించండి. ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఎవరి పుటలో వారు ఒక గీత గీయాలి. పని ఉండి తీస్తే నిలువు గీత, ఊరికే చేయి పోతే అడ్డ గీత. మూడు రోజులు ఇలా చేయండి.

తరువాతి మూడు రోజులు నోటిఫికేషన్ల శబ్దం ఆపి, రాత్రి అన్నం తినే ముందు అందరి ఫోన్లనూ ఒక గూట్లో పెట్టండి. అడ్డ గీతలు తగ్గాయా? ఎవరివి ఎక్కువ తగ్గాయి? మీవా, తాతవా?

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరివారు 2022లో ఇలాంటి కట్టుబాటే చేసుకున్నారు. సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగగానే గంటన్నరసేపు టీవీలు, ఫోన్లు ఆపాలి. ఆ సమయంలో చదువుకోవాలి, మాట్లాడుకోవాలి. తెర ఆగకపోతే ఊరే ఆపింది. మీ ఇంట్లో ఆ సైరన్ మీరే ఎందుకు కాకూడదు?