లో-కోడ్ యాప్‌లో పేజినేషన్: బటన్ పెట్టడం ఈజీ, ఒక్క రికార్డు కూడా తప్పిపోకుండా చూడటమే అసలు పని

లో-కోడ్ టూల్‌లో టేబుల్ విడ్జెట్ లాగి పెట్టి డేటాబేస్ కనెక్ట్ చేస్తే, పేజీ నంబర్లు, నెక్స్ట్ బటన్ వాటంతటవే వచ్చేస్తాయి. టెస్ట్ కోసం వేసిన 30 రికార్డులతో అంతా సూపర్‌గా కనిపిస్తుంది. అసలు డేటా ఎక్కించి, నలుగురు ఒకేసారి వాడటం మొదలుపెట్టాకే సమస్యలు బయటపడతాయి. వాటిని ముందే ఎలా ఆపాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

కంచన్‌బాగ్ అనగానే డీఆర్‌డీఓ ల్యాబులు, మిధాని, బీడీఎల్ గుర్తొస్తాయి. ఆ ఏరియాలో ఆసుపత్రులూ ఉన్నాయి, వాటి చుట్టుపక్కల మెడికల్ షాపులూ ఉన్నాయి. అలాంటి ఒక షాపుకి స్టాక్ యాప్ చేస్తున్నాం అనుకుందాం. మొత్తం 2,400 బ్యాచ్‌లు. కౌంటర్ దగ్గర ఒకరు బిల్లు కొడుతుంటే, లోపల ఇంకొకరు ఫోన్‌లో ఎక్స్‌పైరీ దగ్గరపడిన మందులు చూసి పక్కకి తీస్తుంటారు. ఇక్కడ లిస్టులో ఒక్క బ్యాచ్ కనిపించకపోయినా, గడువు దాటిన మందు షెల్ఫ్‌లోనే ఉండిపోతుంది.

టూల్‌గా యాప్‌స్మిత్, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ తీసుకుందాం. యాప్‌స్మిత్ ఓపెన్ సోర్స్ కాబట్టి మీ సొంత సర్వర్‌లో కూడా పెట్టుకోవచ్చు.

స్టెప్ 1: క్లయింట్ సైడా, సర్వర్ సైడా?

మామూలుగా టేబుల్‌కి క్వెరీ కలిపితే, క్వెరీ ఇచ్చిన రికార్డులన్నీ ఫోన్‌లోకి దిగుతాయి. టేబుల్ వాటిని పేజీలుగా విడగొట్టి చూపిస్తుంది, అంతే. ఇది క్లయింట్ సైడ్ పేజినేషన్. ఒక్కో రికార్డు అర కేబీ అనుకున్నా 2,400 రికార్డులు అంటే 1.2 ఎంబీ. వైఫైలో లాప్‌టాప్ మీద తేడా తెలియదు కానీ, సిగ్నల్ సరిగా లేని గోడౌన్‌లో బడ్జెట్ ఫోన్ మీద స్క్రీన్ ఓపెన్ చేసిన ప్రతిసారీ ఆగాల్సి వస్తుంది. సర్వర్ సైడ్‌లో అడిగిన పేజీ మాత్రమే వస్తుంది. 20 రికార్డులంటే 10 కేబీయే. కొన్ని వందల రికార్డుల దాకా క్లయింట్ సైడ్ చాలు. అంతకు మించి పెరిగే డేటా అయితే మొదట్లోనే సర్వర్ సైడ్‌కి వెళ్లండి.

స్టెప్ 2: మూడు కనెక్షన్లు

టేబుల్ ప్రాపర్టీల్లో సర్వర్ సైడ్ పేజినేషన్ ఆన్ చేయండి. ఆన్ చేస్తే సరిపోదు, మూడు పనులు మనమే చేయాలి.

ఒకటి: క్వెరీ చివర లిమిట్, ఆఫ్‌సెట్ రాయాలి. లిమిట్ దగ్గర టేబుల్ పేజ్ సైజ్, ఆఫ్‌సెట్ దగ్గర పేజ్ నంబర్‌లో ఒకటి తీసేసి పేజ్ సైజ్‌తో గుణించిన విలువ పెట్టాలి. పేజీకి 20 అయితే, మూడో పేజీకి ఆఫ్‌సెట్ 40. అంటే మొదటి 40 వదిలేసి తర్వాతి 20 ఇమ్మని అడుగుతున్నాం.

రెండు: పేజీ మారినప్పుడు జరిగే ఈవెంట్‌లో అదే క్వెరీ రన్ అయ్యేలా పెట్టాలి. ఇది మర్చిపోతే పేజీ నంబర్ మారుతుంది, డేటా మాత్రం పాతదే ఉంటుంది. పేజ్ సైజ్ మారే ఈవెంట్‌కి కూడా ఇదే క్వెరీ ఇవ్వండి. ఎందుకంటే యాప్‌స్మిత్‌లో పేజీకి ఎన్ని రికార్డులు పడతాయనేది టేబుల్ ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది.

మూడు: టోటల్ రికార్డ్స్ దగ్గర కౌంట్ క్వెరీ ఇవ్వాలి. మొత్తం ఎన్నో తెలిస్తేనే చివరి పేజీ ఎక్కడో టేబుల్‌కి తెలుస్తుంది. మెయిన్ క్వెరీలో ఏ ఫిల్టర్ ఉందో, కౌంట్ క్వెరీలోనూ అదే ఉండాలి. లేదంటే రికార్డులు 3 పేజీలే ఉన్నా, కింద 120 పేజీలని చూపిస్తుంది.

స్టెప్ 3: వరస పక్కాగా ఉండాలి

క్వెరీలో ఆర్డర్ బై లేకపోతే రికార్డులు ఏ వరసలో వస్తాయో డేటాబేస్ గ్యారంటీ ఇవ్వదు. సరే, ఎక్స్‌పైరీ డేట్ ప్రకారం ఆర్డర్ పెట్టాం. అయినా సరిపోదు. మన దగ్గర మందుల మీద ఎక్స్‌పైరీ సాధారణంగా నెల, సంవత్సరమే ఉంటుంది. అంటే ఒకే నెలలో గడువు ముగిసే బ్యాచ్‌లు పదుల్లో ఉంటాయి. వాటిలో ఏది ముందు, ఏది వెనక అనేది మనం చెప్పలేదు కాబట్టి, ఒక్కో క్వెరీకి ఒక్కోలా రావచ్చు. మొదటి పేజీలో కనిపించిన బ్యాచ్ రెండో పేజీలో మళ్లీ వస్తుంది, ఇంకోటి ఏ పేజీలోనూ రాదు. పరిష్కారం చిన్నదే: ఆర్డర్ బైలో ఎక్స్‌పైరీ తర్వాత ఐడీ కూడా చేర్చండి. ఐడీ ఏ రెండు రికార్డులకీ ఒకటి కాదు కాబట్టి వరస స్థిరంగా ఉంటుంది.

స్టెప్ 4: చూస్తుండగానే లిస్టు కదిలితే?

అసలు చిక్కు ఇక్కడే. మన లిస్టులో స్టాక్ ఉన్న బ్యాచ్‌లే చూపిస్తున్నాం. లోపలి వ్యక్తి మొదటి పేజీలో 1 నుంచి 20 దాకా చూశాడు. ఈలోగా కౌంటర్‌లో 7వ బ్యాచ్ చివరి స్ట్రిప్ అమ్ముడుపోయి లిస్టు నుంచి తప్పుకుంది. కింద ఉన్నవన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. పాత 21 ఇప్పుడు 20వ స్థానంలో ఉంది. అతను నెక్స్ట్ కొడితే ఆఫ్‌సెట్ 20, అంటే పాత 22 నుంచి మొదలవుతుంది. 21వ బ్యాచ్ అతని కంట పడనే లేదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. కొత్త రికార్డు పైన చేరితే ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది, అది చిరాకే తప్ప ప్రమాదం కాదు. రికార్డు పోయినప్పుడు జరిగేదే ప్రమాదం.

దీనికి మందు కీసెట్ పేజినేషన్. ‘ఎన్ని వదిలేయాలి’ అని కాకుండా ‘ఎక్కడ ఆగాం’ అని అడుగుతాం. పేజీలో చివరి రికార్డు ఎక్స్‌పైరీ, ఐడీ యాప్ స్టోర్‌లో దాచి, తర్వాతి క్వెరీలో ‘ఎక్స్‌పైరీ దీనికంటే పెద్దది, లేదా ఎక్స్‌పైరీ ఇదే అయి ఐడీ పెద్దది’ అని కండిషన్ పెట్టాలి. మధ్యలో ఎన్ని అమ్ముడుపోయినా 21వ బ్యాచ్ తప్పిపోదు. బదులుగా ఒకటి వదులుకోవాలి: నేరుగా 57వ పేజీకి దూకడం కుదరదు, ముందుకీ వెనక్కీ మాత్రమే. వెనక్కి వెళ్లడానికి ప్రతి పేజీ మొదలైన చోటును కూడా దాచుకోవాలి.

ఇంతకంటే సింపుల్ దారి కూడా ఉంది. రాబోయే 90 రోజుల్లో ఎక్స్‌పైర్ అయ్యేవే చూపిస్తే, లిస్టు బహుశా వందకి లోపే ఉంటుంది. అప్పుడు మొత్తం ఒకేసారి తెచ్చేయండి, పేజీల గోలే ఉండదు.

స్టెప్ 5: సెర్చ్

సర్వర్ సైడ్ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో ఉన్నవి ఆ 20 రికార్డులే. సెర్చ్‌ని క్వెరీకి కలపకపోతే వెతుకులాట ఆ 20లోనే జరుగుతుంది. స్టాక్‌లో ఉన్న మందు కోసం వచ్చిన మనిషికి ‘లేదు’ అని చెప్పి పంపేస్తారు. అందుకే సెర్చ్ టెక్స్ట్‌ని మెయిన్ క్వెరీ, కౌంట్ క్వెరీ రెండింటికీ ఇచ్చి, టెక్స్ట్ మారగానే పేజీని 1కి రీసెట్ చేయండి.

వేరే టూల్స్‌లో పేర్లు మారతాయి, ప్రశ్నలు అవే. రీటూల్‌లో లిమిట్ ఆఫ్‌సెట్, కర్సర్ రెండు ఆప్షన్లూ ఉన్నాయి. పవర్ యాప్స్‌లో డెలిగేషన్ వార్నింగ్ వచ్చిందంటే జాగ్రత్త: ఆ ఫార్ములా డీఫాల్ట్‌గా మొదటి 500 రికార్డుల మీదే పని చేస్తుంది, సెట్టింగ్ పెంచినా 2,000 దాకే.

లాంచ్ ముందు టెస్ట్

పేజీకి 20 పెట్టి 0, 20, 40, 43 రికార్డులతో చూడండి. 40కి రెండే పేజీలు రావాలి, మూడో ఖాళీ పేజీ రాకూడదు. తర్వాత రెండు ఫోన్లు తీసుకోండి. ఒకదాంట్లో మొదటి పేజీ ఓపెన్ చేసి ఉంచి, రెండోదాంట్లో 7వ బ్యాచ్ స్టాక్ సున్నా చేసి, మొదటి ఫోన్‌లో నెక్స్ట్ కొట్టండి. 21వ బ్యాచ్ కనిపిస్తే మీ యాప్ షాపుకి ఇవ్వొచ్చు. కనిపించకపోతే మళ్లీ స్టెప్ 4కి వెళ్లండి.