శాంపిల్ కదలకముందే సంతకాలు: జీనోమ్ కేంద్రాల్లో భాగస్వామ్యాలు నడిపే కొలువు

బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసిన వాళ్లను తర్వాతేమిటని అడిగితే మూడు జవాబులే వస్తాయి: పీహెచ్‌డీ, ఫార్మాలో క్వాలిటీ కంట్రోల్, రెండూ కుదరకపోతే అమీర్‌పేటలో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు. విశ్వవిద్యాలయాల జీనోమ్ కేంద్రాల ప్రకటనల్లో ‘డైరెక్టర్, సైంటిఫిక్ కొలాబరేషన్స్’ లాంటి హోదా కనిపిస్తే, ఇదేదో ఎంబీఏ వాళ్ల వ్యవహారమనుకుని వదిలేస్తారు. నిజానికి ఎంబీఏ ఒక్కటే ఉన్నవాళ్లు ఆ కుర్చీలో ఇమడటం కష్టం. రెండు ల్యాబ్‌ల మధ్య పేచీ ఎక్కడ పుడుతుందో ల్యాబ్‌లో పనిచేసిన వాళ్లకే ముందుగా తెలుస్తుంది.

జీనోమ్ శాస్త్రం మొదటి నుంచీ ఉమ్మడి వ్యవసాయమే. 1990లో మొదలై 2003లో ముగిసిన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టులో ఆరు దేశాలకు చెందిన 20 కేంద్రాలు పని పంచుకున్నాయి. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాటిలో ముఖ్యమైనవి. 1996లో ఆ శాస్త్రవేత్తలు బెర్ముడాలో సమావేశమై, చదివిన డీఎన్‌ఏ క్రమాన్ని 24 గంటల్లో అందరికీ అందుబాటులో పెట్టాలని నిర్ణయించుకున్నారు. పేపర్ అచ్చయ్యేదాకా డేటాను బయటపెట్టని రంగంలో అది చిన్న మాట కాదు. ఏ డేటా ఎవరి దగ్గరుంది, ఎప్పుడు ఎవరికివ్వాలి, పేరు ఎవరికి దక్కాలి అన్న లెక్కలు తేల్చడమే ఈ కొలువు.

కలవడం దానంతటదే జరగదని చెప్పడానికి మన పటాన్‌చెరు దాకా వస్తే చాలు. అక్కడి ఇక్రిశాట్ నాయకత్వంలో చైనా, అమెరికా సంస్థలు కలిసి కంది జీనోమ్‌ను 2011లో ప్రచురించాయి. దాదాపు అదే సమయంలో ఐసీఏఆర్ శాస్త్రవేత్తలు ఢిల్లీ నుంచి విడిగా కంది జీనోమ్‌ను వెలువరించారు. రెండు బృందాలూ చదివింది ‘ఆశ’ అనే ఒకే రకాన్ని!

ఇక రోజువారీ పని. ఒక ఆసుపత్రి పరిశోధకుడు ఫోన్ చేసి, మా దగ్గర ఐదు వందల రక్త నమూనాలున్నాయి, సీక్వెన్సింగ్ చేసిపెడతారా అంటాడు. మెషీన్ ఖాళీగా ఉందా అన్నది చివర చూసే సంగతి. దాతలు సంతకం చేసిన సమ్మతి పత్రంలో జన్యు పరిశోధన ప్రస్తావన ఉందా? డేటాను బయటి సంస్థలకు ఇవ్వవచ్చని రాసుందా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఎప్పటిదాకా చెల్లుతుంది? ఒక్కో మనిషి జీనోమ్ ముడి డేటాకే సుమారు వంద గిగాబైట్ల చోటు కావాలి, గ్రాంట్ ముగిశాక ఆ నిల్వ ఖర్చు ఎవరు భరిస్తారు? ఇవన్నీ తేలాకే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ మీద సంతకాలు. ల్యాబ్ భాషలో ఎంటీఏ. శాంపిల్ ముందు పంపేద్దాం, కాగితాలు తర్వాత చూసుకుందాం అనే పెద్ద ప్రొఫెసర్‌కి మర్యాదగా ‘కుదరదండీ’ అని చెప్పగలగడం కూడా ఈ పనిలో భాగమే. ప్రకటనలో మాత్రం ఆ అర్హత రాయరు.

అలా చెప్పేవాళ్లు లేకపోతే ఏమవుతుందో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం కేసు చూపిస్తుంది. గ్రాండ్ కాన్యన్‌లో నివసించే హవాసుపాయి తెగలో మధుమేహం ఎక్కువ. 1990 నుంచి పరిశోధకులు వాళ్ల రక్తం సేకరించారు. సంతకం చేయించిన కాగితంలో భాష విశాలంగానే ఉంది కానీ, తమకు చెప్పింది మధుమేహం గురించేనని తెగవాళ్ల వాదన. తర్వాత అదే రక్తం మీద స్కిజోఫ్రీనియా, రక్తసంబంధీకుల మధ్య సంతానం, ఆదిమ వలసలు వంటి అధ్యయనాలు జరిగాయి. తాము ఆ లోయలోనే పుట్టిన జాతి అని నమ్మేవాళ్లకు, మీ పూర్వీకులు ఆసియా నుంచి వచ్చారని వాళ్ల రక్తంతోనే చెప్పడం ఎలా ఉంటుందో ఊహించండి. 2004లో కోర్టుకెక్కారు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చి రాజీపడింది. ఈ ఉద్యోగానికి వెళ్లదలచినవాళ్లు మరేదీ చదవకపోయినా ఈ కేసు వివరంగా చదవాలి.

మన దేశంలోనూ ఈ పని పెరుగుతోంది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియాలో బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రిసెర్చ్ సమన్వయంతో, హైదరాబాద్ సీసీఎంబీ సహా 20 సంస్థలు పాల్గొన్నాయి. పదివేల మంది జీనోమ్‌ల డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది. 2025 జనవరి నుంచి నియమాలకు లోబడి పరిశోధకులు దాన్ని కోరవచ్చు. విదేశీ సంస్థతో కలిసి ఆరోగ్య పరిశోధన చేయాలంటే ఐసీఎంఆర్ నడిపే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. పంటలు, సూక్ష్మజీవుల విషయమైతే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దాకా వెళ్లాల్సి రావచ్చు. అమెరికా విశ్వవిద్యాలయంలో ఉంటూ భారతీయ భాగస్వాములతో పనిచేసే కేంద్రానికి రెండు దేశాల నియమాలూ తెలిసిన మనిషి చాలా విలువైనవాడు. అక్కడ బయోఇన్ఫర్మాటిక్స్ చదువుతున్న మన పిల్లలు ఈ సంగతి గమనించడం లేదు.

ఎమ్మెస్సీ తర్వాత సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఇక్రిశాట్ లాంటి చోట ప్రాజెక్టు అసోసియేట్‌గా చేరడం మంచి మొదటి మెట్టు. అక్కడ పైపెట్‌తో పాటు ఎవరికీ ఇష్టంలేని పనులు అడిగి తీసుకోండి: ఎథిక్స్ దరఖాస్తు, ఖర్చుల వినియోగ పత్రం, భాగస్వాములతో నెలవారీ కాల్ మినిట్స్. ప్రోగ్రామర్ కానక్కర్లేదు కానీ ఫాస్ట్‌క్యూ, వీసీఎఫ్ ఫైళ్లలో ఏముంటుందో తెలియకపోతే మీటింగ్‌లో నోరు మెదపలేరు. డైరెక్టర్ స్థాయికి పీహెచ్‌డీ బాగా పనికొస్తుంది. అది లేనివాళ్లు ప్రాజెక్టు మేనేజర్‌గా ఎక్కువ కాలం పనిచేసి ఆ లోటు పూడ్చుకోవాలి. పరిశోధన నిర్వహణను ఒక వృత్తిగా నిలబెట్టే ప్రయత్నం చేస్తున్న ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్ల శిక్షణ కార్యక్రమాల మీద కన్నేసి ఉంచండి.

జీతం కంపెనీల స్థాయిలో ఉండదు. అమెరికాలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల జీతాలు బహిరంగ సమాచారమే కాబట్టి దరఖాస్తుకు ముందే చూసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ జీతం విశ్వవిద్యాలయ బడ్జెట్‌దా, గ్రాంట్‌దా? గ్రాంట్‌దైతే అది ఏ సంవత్సరంలో ముగుస్తుందో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ఇంటర్వ్యూలో దాదాపు ఖాయంగా ఎదురయ్యే ప్రశ్న ఇలాంటిది: రెండు బృందాలూ మొదటి రచయిత పేరు తమదే కావాలంటున్నాయి, ఏం చేస్తారు? ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తానని చెబితే సగం మార్కులే. మొదటి శాంపిల్ వచ్చిన రోజే ఆథర్‌షిప్ గురించి ఏం రాయించారో, అది రాయించడానికి ఎవరిని ఎలా ఒప్పించారో మీ అనుభవంలోంచి చెప్పండి. అంత అనుభవం ఇంకా లేకపోతే, ఈ సెమిస్టర్‌లో మీ ల్యాబ్ పక్క ల్యాబ్‌తో కలిసి చేసే ప్రాజెక్టుకు ఒక పేజీ ఒప్పందం రాసి మీ గైడ్ ముందు పెట్టండి.