పొత్తిగుడ్డలు

ప్రవేశిక

ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, బజారులో మరొక భాష వినిపించే ఊళ్ళలో పెరుగుతున్న పిల్లలు మీలో చాలామంది ఉన్నారు. అటువంటి ఊళ్ళలో పర్లాకిమిడి ఒకటి. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. నేడు అది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. అక్కడ తరతరాలుగా తెలుగువారు నివసిస్తున్నారు. అక్కడి ఒక తాతగారు తమ ఇంటి క్రిస్మస్ పండుగను గురించి చెప్పిన ముచ్చట ఈ పాఠం.

పాఠం

డిసెంబరు 23వ తేదీ సాయంత్రం మా అబ్బాయి, కోడలు, పిల్లలిద్దరూ భువనేశ్వర్ నుంచి రైలులో వచ్చారు. మా చిన్నతనంలో ఇక్కడ బొమ్మరైలులాంటి చిన్న బండి నడిచేది. 1900లో వేసిన ఆ దారి ఇప్పుడు పెద్దలైను అయింది. మనుమరాలు ఆరవ తరగతి, మనుమడు రెండవ తరగతి. ఇద్దరూ బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు.

వాళ్ళు వచ్చేసరికి మామ్మ అరిసెలు వండుతూ ఉంది. నేను వెదురుబద్దలతో నక్షత్రం కడుతున్నాను. మనుమడు నా దగ్గర చేరి రంగుకాగితాలు అంటించడం మొదలుపెట్టాడు.

ఇంతలో మా చర్చి పాస్టరుగారు వచ్చారు. ఏటా క్రిస్మస్ తెల్లవారుజామున జరిగే ఆరాధనలో లూకా సువార్త రెండవ అధ్యాయం తెలుగులో చదవడం నా పని. ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. ఈ ఏడు నా రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. సంక్రాంతి తరువాత ఆపరేషన్ చేస్తామని డాక్టరుగారు చెప్పారు. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి.

పాస్టరుగారు కాసేపు మాట్లాడి, "అయ్యా! ఇంకెవరినైనా అడుగుదామంటే తెలుగు చదవగలిగేవారు దొరకడం లేదు. పిల్లలందరికీ ఒడియా బాగా వచ్చు. ఈ సారికి వాక్యం ఒడియాలోనే చదివిద్దామా?" అన్నారు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఒడియా మాకు పరాయి భాష కాదు. మా ఇరుగుపొరుగువారిది, మా పిల్లలకు చదువు చెప్పిన భాష. అయినా నాకు వెంటనే జవాబు రాలేదు. ఒకసారి ఆగిన తెలుగు వాక్యం మళ్ళీ ఎవరు మొదలుపెడతారు?

"తాతయ్యా! నేను చదవనా?" అంది మనుమరాలు.

"నీకు తెలుగు చదవడం వచ్చా తల్లీ?" అన్నాను.

"వేసవి సెలవుల్లో మామ్మ గుణింతాల దాకా నేర్పింది. వత్తులే కష్టం" అంది.

పాస్టరుగారు నవ్వి, "అధ్యాయంలో మొదటి ఏడు వచనాలు నువ్వు తెలుగులో చదువమ్మా. తక్కినవి మరొకరు ఒడియాలో చదువుతారు" అన్నారు. అందరికీ ఆ మాట నచ్చింది.

ఆ రాత్రి నుంచే చదువు మొదలయింది. మామ్మ వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి చదివించింది. మొదటి వచనంలోనే 'ప్రజాసంఖ్య' అనే మాట వచ్చింది. పిల్ల అక్కడ ఆగిపోయింది.

"ముక్కలు చేసి చదువు. ప్రజా, సంఖ్య. మన జనాభా లెక్కల వంటిదే. రోము చక్రవర్తి ఆజ్ఞ ప్రకారం ఎవరి ఊరికి వారు వెళ్ళి పేరు రాయించుకోవాలి. అందుకే యోసేపు మరియతో కలిసి తన పూర్వికుల ఊరు బేత్లెహేముకు వెళ్ళాడు" అని మామ్మ చెప్పింది.

"అయితే వాళ్ళు కూడా మనలాగే తాతగారి ఊరికి వచ్చారన్నమాట!" అన్నాడు మనుమడు.

ఏడవ వచనంలో 'పొత్తిగుడ్డలు' అనే మాట వచ్చింది. ఆ మాట పిల్లలిద్దరూ ఎన్నడూ వినలేదు. మామ్మ లేచి పెట్టె తెరిచి, మెత్తబడిన పాత నేతచీర ముక్క ఒకటి తెచ్చింది.

"నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టిన గుడ్డ ఇది. కొత్తబట్ట పసిపిల్లల ఒంటికి గరుకుగా ఉంటుంది. ఉతికి ఉతికి మెత్తబడిన చీరను చింపి చుట్టేవాళ్ళం. ఇవే పొత్తిగుడ్డలు" అంది. మనుమరాలు ఆ గుడ్డను చెంపకు ఆనించుకుని చూసింది. ఆ తరువాత ఆ మాట దగ్గర ఆమె ఒక్కసారి కూడా తడబడలేదు.

"మామ్మా! దేవుడికి తెలుగు వచ్చా, ఒడియా వచ్చా?" అని మనుమడు అడిగాడు.

"నువ్వు ఉయ్యాలలో ఏడ్చినప్పుడు ఏ భాషలో ఏడ్చావురా? అయినా నాకు తెలిసింది కదా!" అంది మామ్మ.

పండుగనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి స్నానాలు చేశాం. మంచు దట్టంగా కురుస్తోంది. పిల్లలకు కొత్తబట్టలమీద స్వెట్టర్లు వేసి, టార్చిలైటు వేసుకుని చర్చికి నడిచాం. లోపల అప్పటికే జంపఖానాలు పరిచి ఉన్నాయి. ఒక మూల గడ్డితో కట్టిన పశువులపాక, అందులో మట్టిబొమ్మలు ఉన్నాయి. హార్మోనియం, తబలా, తాళాలతో కీర్తన మొదలయింది.

"ఈ పాట మీద రాగం, తాళం అని రాసి ఉందేమిటి తాతయ్యా?" అని మనుమరాలు మెల్లగా అడిగింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటలకు రాగతాళాల పేర్లు ముద్రించడం ఆచారం. వాటిలో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో మా పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు. ఆయన వంశంవారు వంగదేశీయులు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. 1890లో మరణించేనాటికి తెలుగులో వందకు పైగా కీర్తనలు రచించారు. వంగదేశం నుంచి వచ్చిన కుటుంబంలోని మనిషి తెలుగు నేర్చి పాటలు కడితే, తెలుగువారు వాటిని నేటికీ పాడుకుంటున్నారు. ఈ సంగతి పాట అయ్యాక ఆమె చెవిలో చెప్పాను.

వాక్యపఠనం వేళయింది. మనుమరాలు ముందుకు వెళ్ళి నిలబడింది. బల్ల ఎత్తుగా ఉండటంచేత పాస్టరుగారు ఆమెకు ఒక పీట వేశారు. 'ప్రజా' అని చదివి ఆగింది. చర్చి అంతా నిశ్శబ్దం. ఆ వచనాలు నాకు కంఠస్థమే. అందించాలని నోటిదాకా వచ్చింది. మామ్మ దూరం నుంచే వద్దన్నట్టు తల ఊపింది. నేను నోరు మూసుకున్నాను. పిల్ల ఒక్క క్షణం పుస్తకంలోకి చూసి, 'సంఖ్య' అని స్పష్టంగా చదివింది. మిగిలిన వచనాలు మెల్లగా, తప్పు లేకుండా చదివి, పొత్తిగుడ్డల దగ్గర మామ్మవైపు చూసి నవ్వింది.

ఎనిమిదవ వచనం నుంచి మా వీధి కుర్రవాడు ఒకడు ఒడియాలో చదివాడు. గొర్రెల కాపరులకు దేవదూత చెప్పిన శుభవార్త ఆ భాషలోనూ మధురంగానే ఉంది. తరువాత ప్రసంగం, కానుకలు, దీవెన జరిగాయి. బయటికి వచ్చేసరికి తెల్లవారింది.

ఒక ముసలావిడ మనుమరాలి బుగ్గలు పుణికి, "మా ఇంట్లో పిల్లలకు తెలుగు మాట వచ్చు గాని అక్షరం రాదమ్మా. నువ్వు చదువుతుంటే మా మనుమరాలు కూడా నేర్చుకుంటానంది" అని చెప్పింది.

ఇంటికి రాగానే మామ్మ పళ్ళేలలో అరిసెలు, కేకుముక్కలు సర్ది ఇచ్చింది. పిల్లలు పక్కింటి పాఢిగారికి, ఎదురింటివారికి పంచి వచ్చారు. సంక్రాంతికి వారింటి పిండివంటలు మాకు వస్తాయి.

రైలు ఎక్కేముందు మనుమరాలు, "తాతయ్యా! మీ కళ్ళు బాగైతే మళ్ళీ మీరే చదువుతారా?" అని అడిగింది.

"పుస్తకం నా చేతికి రావాలంటే నువ్వు ఇవ్వాలి గదా తల్లీ!" అన్నాను.

ఆమె తన సంచి తడిమి చూసుకుంది. మా పాత పుస్తకం అందులోనే ఉంది. మామ్మ దానిని ఆ నేతచీర ముక్కలో చుట్టి ఇచ్చింది.

కఠిన పదాలకు అర్థాలు

పొత్తిగుడ్డలు = పసిబిడ్డకు చుట్టే మెత్తని బట్టలు
శుక్లం = కంటి లెన్సు మసకబారడం
ఆరాధన = పూజ, ప్రార్థన
కంఠస్థం = నోటికి వచ్చినది
వంగదేశం = బెంగాల్

ప్రశ్నలు

1. పాస్టరుగారి మాటకు తాతగారు వెంటనే ఎందుకు జవాబు చెప్పలేకపోయారు?
2. 'పొత్తిగుడ్డలు' అనే మాటను మామ్మ ఎలా నేర్పింది?
3. పురుషోత్తమ చౌదరిగారిని గురించి మీకు తెలిసిన విషయాలు రాయండి.
4. మనుమరాలు ఆగినప్పుడు తాతగారు అందించి ఉంటే ఏమయ్యేది? మీ అభిప్రాయం చెప్పండి.

వ్యాకరణం

పురుష + ఉత్తమ = పురుషోత్తమ. అకారానికి ఉకారం పరమైనప్పుడు ఓకారం వచ్చింది. ఇది గుణసంధి. ఇటువంటి పదాలు మరి మూడు రాయండి.

చేయండి

మీ ఇంట్లో పెద్దలు వాడే మాటలలో మీకు అర్థం తెలియనివి ఐదు అడిగి తెలుసుకుని, అర్థాలతో రాసి తరగతిలో చదవండి.