మత్తు మాన్పించే కేంద్రం: చేర్పించే ముందు చూడవలసినవి

“మావాడికి తాగుడు మాన్పించే మాజూన్ ఏదైనా ఇవ్వండి హకీం సాబ్, తెలియకుండా పాలలో కలిపి ఇస్తాం” అని దవాఖానాకు వచ్చే తల్లులు అడుగుతుంటారు. రోగికి చెప్పకుండా ఇచ్చేది వైద్యం కాదమ్మా. పైగా ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ తొలి రోజులు డాక్టర్ల కళ్లెదుట గడవాలి.

అయితే ఎక్కడ చేర్పించాలి? బోర్డు పెట్టినదల్లా ఆసుపత్రి కాదు. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులనూ మానసిక వ్యాధిగానే లెక్కిస్తుంది. కనుక అలాంటి రోగులను ఉంచుకుని చికిత్స చేసే డీ-అడిక్షన్ సెంటర్ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ వద్ద రిజిస్టర్ కావాలి. దీనికి అధ్యక్షులు రాష్ట్ర ఆరోగ్యశాఖ కార్యదర్శి. కేంద్రాల జాబితా ఉంచడం, ప్రమాణాలు నిర్ణయించడం, తనిఖీ, ఫిర్యాదుల విచారణ దాని పనులు. మూడేళ్లకోసారి ఆడిట్ చేయించాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల వరకు, పదేపదే నడిపితే 5 లక్షల వరకు జరిమానా. నా మట్టుకు మొదటి జరిమానా చాలా తక్కువ అనిపిస్తుంది.

మన పాఠకులు గమనించాల్సిన మాట ఒకటుంది. యునానీ వైద్యశాలలూ ఈ చట్టంలోకే వస్తాయి. మానసిక చికిత్స నిపుణుల జాబితాలో ములాజాత్ (నఫ్సియాత్)లో పీజీ చేసిన హకీములనూ చేర్చారు. హకీమే కదా అని రిజిస్ట్రేషన్ అడగకుండా ఊరుకోకండి.

చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. బలవంతంగా గుండు గీయించకూడదు, బలవంతంగా పని చేయించకూడదు. ఎందుకింత కఠినమంటే, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. వారిని అక్కడ వదిలి వచ్చింది కన్నవారే, నయమవుతుందన్న ఆశతోనే.

రోగి ఒప్పుకుని చేరితే మంచిది. నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు చేయాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. అలా 30 రోజుల వరకే ఉంచుకోవచ్చు. చేర్చుకున్న సంగతి 7 రోజుల్లో, స్త్రీలు, మైనర్లయితే 3 రోజుల్లో, జిల్లా జడ్జి స్థాయివారు నడిపే సమీక్షా బోర్డుకు తెలపాలి. ఆ బోర్డుకు మీరూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. “నెల రోజులు ఫోన్ చేయకండి, చూడటానికి రాకండి” అనే కేంద్రమైతే అడ్వాన్సు కట్టకుండా తిరిగి వచ్చేయండి.

ఇంటికి వచ్చాక మన వైద్యానికి పని ఉంది. అస్బాబె సిత్తా జరూరియాలో నిద్ర, ఆహారం, మనసు కదలికలు ఈ మూడూ తాగుడువల్ల బాగా చెడతాయి. వేళకు అన్నం, వేళకు నిద్ర, పొద్దున నడక, దెప్పిపొడవని ఇల్లు. నిద్ర పట్టడం లేదని పాత చీటీ చూపి బర్షాషా మాత్రం కొనకండి. అందులో నల్లమందు ఉంటుంది.

సలహా కోసం మత్తు వ్యసనాల హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితం.