చేను కాచుటకు ఏ రెండు?



వేరుశనగ కాయ ఊరు దినములలో అనంతపురము మెట్ట గ్రామములకు వెళ్లినపుడు మాకు ఒక ప్రశ్న తప్పదు. “సార్, పగలు జింకలు, రాత్రి అడివి పందులు. చిన్నదొకటి, పెద్దదొకటి, రెండు తుపాకులు ఉంటే చేను దక్కుతాది. ఏ రెండు తెచ్చుకోవల్ల?” అప్పు తెచ్చి విత్తనము, ఎరువు నేలలో పెట్టినవాని ప్రశ్న ఇది. నవ్వి త్రోసివేయదగినది కాదు. కావున మొదట తుపాకి లెక్కనే చూతము.

1. తుపాకి లెక్క

వెనుకటి వేటగాండ్రు రెండు తుపాకులు ఉంచుకొనుట నిజమే. కుమావూ కొండలలో నరభక్షక పులులను వేటాడిన జిమ్ కార్బెట్ వద్ద .275 తేలిక రైఫిలు ఒకటి, .450/400 జంట గొట్టముల బరువు రైఫిలు ఒకటి ఉండెడివి. జంతువు శరీరమును, అది నిలిచిన దూరమును బట్టి ఆయుధము ఎన్నుకొనవలెనన్నది అందలి సూత్రము.

రైఫిలు అంకె గొట్టపు వ్యాసమును అంగుళములలో తెలుపును. .22 అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు; .315 అనగా 8 మిల్లీమీటర్లు. బోరు తుపాకి లెక్క వేరు. ఒక పౌను సీసముతో గొట్టమునకు సరిపోవు గుండ్లు పన్నెండు వచ్చినచో అది 12 బోరు. అందుచే బోరు అంకె చిన్నదైనకొలది గొట్టము పెద్దదగును.

మన మెట్టలో అసలు చిక్కు ఇచటనే కలదు. .22 గుండు బరువు 3 గ్రాములైనను ఉండదు. అయినను అది కిలోమీటరు దాటి పోగలదు. .315 గుండు అంతకంటె ఎంతో దూరము పోవును. ఉరవకొండ, వజ్రకరూరు ప్రాంతపు నల్లరేగడి బయళ్లలో గుండును ఆపుటకు చెట్టు లేదు, గుట్ట లేదు. గురి తప్పిన గుండు గొర్రెల కాపరికి తగులునో, కలుపు తీయు కూలీలకు తగులునో కాల్చినవానికి తెలియదు.

2. చట్టము

1959 ఆయుధముల చట్టము పంట రక్షణకై నోటినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఇచ్చుటకు వీలు కల్పించినది. అది చాలదని అధికారి తలచినచో, లోపల గాడులు లేని నునుపు గొట్టపు తుపాకికి అనుమతి ఇయ్యవచ్చును. రైఫిలు ఆ జాబితాలో లేదు.

అయితే తుపాకి లైసెన్సు వేరు, జంతువును చంపు అనుమతి వేరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టము వేటను కట్టడి చేసినది. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతియే తొలగినది. కృష్ణజింక, నెమలి, ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉన్నవి. పంట తిన్నదను కారణముపై కృష్ణజింకను చంపుటకు అనుమతి లేదు. చంపినచో మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వరకు జైలు. అడవిపంది రెండవ షెడ్యూలులోనిది. అది నిలువు పంటను పాడుచేయునపుడు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని వ్రాతపూర్వకముగా అనుమతి ఇయ్యవచ్చును. ఆ కాగితము లేక కాల్చరాదు.

3. మనకు తగిన జంట

వేటగాడు శరీరమును చూచి ఎన్నుకొనెను. రైతు జంతువు జ్ఞానేంద్రియమును చూచి ఎన్నుకొనవలెను. జింకకు కన్ను బలము, పందికి ముక్కు బలము. కావున ఒకటి కంటికి, ఒకటి ముక్కుకు.

కంటికి: జింకలు మందగా వచ్చి కంది, శనగ లేత చిగుళ్లను, వేరుశనగ ఆకును మేయును. మొలక దశలోనే పాత చీరలు గాని, మెరయు రిబ్బన్లు గాని చేని చుట్టును కట్టవలెను. ఒకేచోట ఉంచినచో జింకలు అలవాటు పడును. వారమునకొకసారి స్థలము మార్చుడు.

ముక్కుకు: పందికి చూపు మందము, వాసన పట్టి రాత్రివేళ వచ్చి కాయను త్రవ్వును. వర్షాధార వేరుశనగ చుట్టును ఆముదము దట్టముగా వేయుడు. యాసంగిలో బోరుక్రింది పంటకు నాలుగు వరుసల కుసుమ దగ్గర దగ్గరగా వేసినచో, ముదిరిన ముండ్లు పందిని ఆపును. గంధకమును నూనెలో కలిపి పూసిన కొబ్బరిత్రాళ్లను అడుగు ఎడముగా మూడు వరుసలు కట్టవచ్చును. వాన కురిసిన పిదప మరల పూయవలెను.

ఒక చేనివాడు మాత్రమే కట్టినచో పంది ప్రక్కచేనికి పోవును. కనుక ఒక పొలమువారందరు కలిసి చేయుట మేలు.

4. చేయరానివి

కంచెకు కరెంటు పెట్టకుడు. తీగకు పంది తెలియదు, మనిషి తెలియదు. తెల్లవారి నీరు కట్ట వచ్చిన ప్రక్క రైతు, తప్పిపోయిన ఎద్దు, మీ యింటి బిడ్డ, అందరు దానికి ఒకటే. పిండిలో పొదిగిన నాటుబాంబులును అట్టివే. పశువు నోట పేలినచో దవడ పోవును.

5. నష్టము జరిగినచో

ఆనవాళ్లు చెరుగకమునుపే ఫొటోలు తీయుడు. అటవీ బీటు అధికారికి, గ్రామ రెవెన్యూ అధికారికి వ్రాసి ఇచ్చి, రసీదు తీసుకొని, పంచనామా కోరుడు. పరిహారపు రేటును, పంది విషయమైన అనుమతి పద్ధతిని రేంజి కార్యాలయములో అడిగి తెలిసికొనుడు.

సారాంశము

రెండు తుపాకుల ఖర్చు పెట్టినను జింకపై కాల్చ వీలు లేదు, పందిపై కాగితము లేక కాల్చ వీలు లేదు. చీరలకు, ఆముదపు విత్తులకు ఆ చిక్కు లేదు. ఇవి పంటనంతటిని కాపాడునని మేము చెప్పము. కాయ ఊరు నెలలో రాత్రి కాపలా ఇంకను కావలెను. కాని కాపలాకు పోయినవాడు తెల్లవారి క్షేమముగా ఇల్లు చేరును. వచ్చే ఖరీఫుకు వేరుశనగతోపాటు గట్టుకు ఆముదపు విత్తులు కూడ ఇప్పుడే సిద్ధపరచుకొనుడు.