లెక్క తప్పని లావాదేవి

ఒక తండ్రి తన బ్యాంకులోనే ఖాతాగల కుమారునకు పరీక్ష రుసుమునకై 500 రూపాయలు పంపెననుకొందము. కంప్యూటరు తండ్రి లెక్కలో 500 తగ్గించి, కుమారుని లెక్కలో కలుపకమునుపే విద్యుచ్ఛక్తి నిలిచిపోయినచో ఆ సొమ్మేమగును? ఇరువురకును దక్కదు గదా!

ఇట్టి నష్టము వాటిల్లకుండుటకై డేటాబేసునందు ఈ రెండు మార్పులను విడదీయరాని యొక్క లావాదేవిగా కూర్చెదరు. దానికి నాలుగు గుణములుండవలెనని 1983లో హేర్డర్, రాయిటర్ అను జర్మను శాస్త్రజ్ఞులు వివరించిరి. అంతయు జరుగుట, లేదా యేమియు జరుగకుండుట మొదటిది. లెక్కల నియమములు చెడకుండుట రెండవది. ఏకకాలమున సాగు లావాదేవీలు ఒకదానినొకటి చెరుపకుండుట మూడవది. ముగిసినది చెరగకుండుట నాలుగవది.

ఇది యెట్లు సాధ్యమో మేము చెప్పెదము. వర్తకుడు మొదట చిట్టా వ్రాసి, పిదప ఆవర్జాకెక్కించును. కంప్యూటరును అట్లే చేయబోవు మార్పును ముందుగా తన చిట్టాలో వ్రాసికొనును. విద్యుచ్ఛక్తి మరల వచ్చినపుడు ఆ చిట్టాను చదివి, ముగిసినదానిని నిలుపును. సగములో ఆగినదానిని రద్దుచేయును. అంతట తండ్రి సొమ్ము తండ్రి లెక్కలోనే యుండును. ఆయన మరల పంపవచ్చును.

విద్యార్థులారా, చిట్టాలోని వ్రాత డిస్కునందు పదిలముగా చేరిన పిమ్మటనే యంత్రము "పని ముగిసినది" అని చెప్పవలెను. ఈ క్రమము తప్పినచో ఆ మాట నమ్మదగినది కాదు.