మెషిన్‌లో ఎన్ని కోర్లు, మన వాటాకి ఎన్ని?

ప్రశ్న: మా సీ++ ప్రాజెక్టు నా ల్యాప్‌టాప్‌లో చక్కగా బిల్డ్ అవుతుంది. ఆఫీసు సర్వర్‌లో డాకర్ కంటైనర్ లోపల నడిపితే మాత్రం మధ్యలో ‘కిల్డ్’ అని ఆగిపోతోంది. మళ్లీ నడిపితే ఇంకో ఫైల్ దగ్గర ఆగుతోంది. సర్వర్‌లో 64 కోర్లున్నాయి. కంటైనర్‌కి 4 కోర్లు, 8 జీబీ మెమరీ ఇచ్చారు. ‘మేక్’కి ఇచ్చే అంకెను ఎన్‌ప్రోక్ కమాండ్‌తోనే తీసుకుంటున్నాను.
– ఒక ఇంజనీర్, హైదరాబాద్

జవాబు: కంటైనర్ లోపలికి వెళ్లి ఎన్‌ప్రోక్ ఒక్కటే నడిపి చూడండి. 64 అని వస్తే గుట్టు దొరికినట్టే. డాకర్‌లో కోర్లకు హద్దు పెట్టే పద్ధతులు రెండు. ఫలానా కోర్ల మీదే నడవాలని ‘సీపీయూసెట్’ ఆప్షన్‌తో కట్టేస్తే ఆ సంగతి ఎన్‌ప్రోక్‌కి తెలుస్తుంది. ఎక్కువమంది వాడే ‘సీపీయూస్’ ఆప్షన్ అలా కాదు, అది టైముకి కోటా పెడుతుంది. మీకిచ్చిన 4 కోర్లంటే, ప్రతి 100 మిల్లీసెకన్లకు 400 మిల్లీసెకన్ల ప్రాసెసర్ టైమన్నమాట. చాలా సర్వర్లలో ఉన్న ఎన్‌ప్రోక్ ఈ కోటాను లెక్కలోకి తీసుకోదు. 64 కంపైలర్లు 64 కోర్ల మీదా ఒకేసారి పరుగెత్తితే ఆ కోటా 6.25 మిల్లీసెకన్లలో కరిగిపోతుంది. మిగతా దాదాపు 94 మిల్లీసెకన్లూ అన్నీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఇది బిల్డ్ నెమ్మదించడానికి కారణం. ‘కిల్డ్’ అనేది మాత్రం మెమరీ గొడవ. టెంప్లేట్లు దట్టంగా ఉన్న ఒక్కో సీ++ ఫైల్‌కి కంపైలర్ జీబీకి పైగా తినగలదు. 64 కలిసి 8 జీబీ మీద పడితే కెర్నల్ వాటిలో ఒకదాన్ని చంపేస్తుంది. ప్రతిసారీ ఇంకో ఫైల్ దగ్గర ఆగడం అందుకే. మీ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ రాత్రిళ్లు పాడు చేసుకోకండి.

సీగ్రూప్ రెండో వెర్షన్ ఉన్న లినక్స్‌లో ‘సీపీయూ డాట్ మ్యాక్స్’ అనే ఫైల్ ఉంటుంది. మీ కంటైనర్‌లో దాన్ని తెరిస్తే 400000, 100000 అని రెండు అంకెలు కనిపించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మీ వాటా 4 అని తేలుతుంది. మొదటి అంకె చోట ‘మ్యాక్స్’ అని ఉంటే హద్దు లేనట్టు. ఆ పక్కనే ఉండే ‘మెమరీ డాట్ మ్యాక్స్’ కూడా చదివి, ఒక్కో కంపైలర్‌కి 2 జీబీ చొప్పున లెక్కేయండి. రెండు లెక్కల్లో ఏది చిన్నదైతే అదే ‘మేక్’కి ఇవ్వండి. ‘జె’ ఆప్షన్ పక్కన అంకె వేయడం మాత్రం మరవద్దు. అంకె లేకపోతే ‘మేక్’ హద్దు లేకుండా పనులు మొదలుపెడుతుంది.

ప్రశ్న: పైటెస్ట్ ఎక్స్‌డిస్ట్‌లో ‘ఆటో’ పెడితే 4 వర్కర్లే వస్తున్నాయి. టాస్క్ మేనేజర్ 8 ప్రాసెసర్లు చూపిస్తోంది. సగం వృథాయేనా?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: వృథా కాదమ్మా. మీ ప్రాసెసర్‌లో అసలు కోర్లు 4, ఒక్కో కోర్ రెండు థ్రెడ్లు నడుపుతుంది. పీఎస్‌యుటిల్ ప్యాకేజీ ఉంటే ‘ఆటో’ అసలు కోర్లనే లెక్కేస్తుంది. మొత్తం 8 కావాలంటే ‘లాజికల్’ అని ఇవ్వండి. టెస్టులు ఎక్కువగా డేటాబేస్ కోసమో నెట్‌వర్క్ కోసమో ఎదురుచూసేవైతే తేడా బాగా కనిపిస్తుంది. అన్నీ లెక్కలు చేసేవైతే అంత లాభం ఉండదు. వర్కర్లు పెంచే ముందు, అన్నీ ఒకే డేటాబేస్‌లో రాయడం లేదు కదా అని చూసుకోండి. ప్రతి వర్కర్‌కీ జీడబ్ల్యూ0, జీడబ్ల్యూ1 అని పేరుంటుంది. ఆ పేరు చేర్చి వేరువేరు డేటాబేస్‌లు పెట్టుకుంటే ఒకదాని డేటా ఇంకొకటి చెరపదు.

ప్రశ్న: మ్యాక్‌లో ఎన్‌ప్రోక్ దొరకడం లేదు. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేసే స్క్రిప్ట్ ఎలా రాయాలి?

జవాబు: ముందు ఎన్‌ప్రోక్ ఉందో లేదో చూసి, లేకపోతే ‘సిస్‌సీటీఎల్’ను ‘హెచ్‌డబ్ల్యూ డాట్ ఎన్‌సీపీయూ’ అడిగేలా రాయండి. లినక్స్‌లో మాత్రం ఎన్‌ప్రోక్‌కే మొదటి అవకాశం ఇవ్వండి, సీపీయూసెట్ హద్దులైనా దానికి తెలుస్తాయి.